అంతుచిక్కని ఆయాసము – మన కర్తవ్యము

"ఊపిరి ఉంటే ఉప్పమ్ముకొని బ్రతుకవచ్చు" అన్నది తెలుగువారి సామెత. "జాన్ హై తో జహాన్ హై" అన్నది ఉర్దూవారి నానుడి. మన కళాశాల వరండాలలో ఈ రెండు భాషలూ ప్రతిదినము కలిసి వినిపిస్తూనే ఉంటవి. రెండింటి అనుభవసారము ఈ విషయమున ఒక్కటే. అయినను ఊపిరి సజావుగా ఆడుతున్నంతకాలము దానిని గురించి మనము తలచము. విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషమునకు 12 మొదలు 20 సార్లు శ్వాసిస్తాడు. దినమునకు ఇరవై వేల సార్లకు అటు ఇటుగా జరిగే ఈ పనిని ఒక్కసారియైనా లెక్కపెట్టిన జ్ఞాపకము మనకుండదు. ఒకనాడు మేడమెట్లు ఎక్కుతున్నప్పుడో, పరీక్షకు కూర్చున్నప్పుడో, అర్ధరాత్రి పడక మీదనో ఛాతీ బిగుసుకొని, ఎంత పీల్చినను గాలి చాలనట్లు అనిపించినప్పుడు మాత్రము ప్రపంచములోని తక్కిన విషయములన్నియు మరుగున పడిపోతవి.

అట్టి సమయమున మన ఇండ్లలో వినవచ్చే మాటలు మనకు క్రొత్త కాదు. "గ్యాసు పట్టింది, సోడా త్రాగు" అని ఒకరు, "వేడి చేసింది" అని ఇంకొకరు, "నరముల బలహీనత" అని వేరొకరు, "దిష్టి తగిలింది" అని అవ్వ, "పరీక్షల భయము, మరేమీ లేదు" అని అన్నగారు. ఇందులో ఏదో ఒకటి కొన్నిసార్లు నిజము కావచ్చును. కాని పరీక్షించకయే పెట్టిన పేరు రోగమును పోగొట్టదు. అది మనలను నిశ్చింతగా కూర్చుండబెట్టి కాలమును హరిస్తుంది. దీనికి భిన్నముగా మరికొందరు ప్రతి చిన్న బిగుతునకూ గుండెపోటు వచ్చినదని తల్లడిల్లి, ఆస్పత్రి వెంట ఆస్పత్రి తిరిగి, తండ్రిగారి సంపాదనను కరగదీస్తారు. ఈ రెండు త్రోవల నడుమ ఒక మంచి త్రోవ ఉన్నది. దానిని చూపించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. మేము వైద్యులము కాము, విజ్ఞానశాస్త్రమును బోధించువారము. వైద్యుని స్థానమున నిలుచుటకు గాక, వైద్యుని వద్దకు ఎప్పుడు, ఎట్లు వెళ్ళవలెనో చెప్పుటకే ఇది వ్రాస్తున్నాము.

ఒక్క లక్షణము, అనేక రోగములు

ఆయాసము ఒక రోగము పేరు కాదు, అనేక రోగములు పలికే ఒక మాట అది. ఈ సంగతి మన పూర్వులు గ్రహించినదే. చరకసంహిత శ్వాసరోగమును మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస అని ఐదు విధములుగా విభజించినది. వానిలో తమకశ్వాస నేటి ఉబ్బసమునకు దగ్గరగా ఉంటుంది. శ్రమ వలన కలిగి, విశ్రాంతితో తగ్గే స్వల్పమైన ఆయాసము క్షుద్రశ్వాస. అరబ్బీ వైద్యమున ఉబ్బసమునకు "రబ్వ్" అని పేరు. 12వ శతాబ్దము చివర కైరో నగరమున నివసించిన మూసా బిన్ మైమూన్ అనే యూదు వైద్యుడు ఈ ఒక్క రోగము మీదనే అరబ్బీ భాషలో ప్రత్యేక గ్రంథము రచించి, మందులకన్న ముందు మితాహారమునకు, స్వచ్ఛమైన గాలికి ప్రాధాన్యము ఇచ్చినాడు. ఉర్దూలో ఇదే రోగమును "దమా" అంటారు. "దమ్" అనగా ఊపిరి. తెలుగునాట "దమ్ము" అన్న మాట వాడనివారు లేరు.

శాస్త్రదృష్టితో చూస్తే ఊపిరి సాఫీగా సాగుటకు ఐదు అంగములు సరిగా పనిచేయవలెను. గాలి పోయే గొట్టములు తెరచి ఉండవలెను. ఊపిరితిత్తుల గాలితిత్తులు శుభ్రముగా ఉండవలెను. గుండె రక్తమును నడిపించవలెను. ఆ రక్తములో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ చాలినంత ఉండవలెను. వీటన్నిటిని నడిపే మెదడు శాంతముగా ఉండవలెను. ఐదింటిలో ఏది చెడినను మనిషి చెప్పే మాట ఒక్కటే: "ఊపిరి అందడము లేదు." కనుక ఆ మాట విన్న వెంటనే చెడినది ఏ అంగమో వెదకవలెను. వెదకకుండా పేరు పెట్టరాదు.

మొదట అపాయమును గుర్తించుట

వెదకుటకు కాలము ఉన్నదా, లేదా అన్నది మొదటి ప్రశ్న. ఈ క్రింది గుర్తులలో ఏ ఒక్కటి కనిపించినను వెంటనే 108 నంబరునకు ఫోను చేయవలెను. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఈ అంబులెన్సు సేవ నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను ఉచితముగా లభిస్తున్నది.

ఒక వాక్యమైనా పూర్తిగా పలుకలేనంత ఆయాసము, పెదవులు, గోళ్ళు నీలివన్నెకు తిరుగుట, ఛాతీ నడుమ రాయి పెట్టినట్టి బరువు కలిగి అది ఎడమ చేతికో, దవడకో, వీపునకో ప్రాకుట, దానితోబాటు చల్లని చెమటలు పట్టుట, స్పృహ తప్పుట, దగ్గులో రక్తము పడుట, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడుతూ, హఠాత్తుగా ఆయాసము కలుగుట, ఏదైనా తిన్న తరువాత, మందు వేసుకున్న తరువాత, లేదా తేనెటీగ కుట్టిన తరువాత పెదవులు, నాలుక, గొంతు వాచుట. పొడవుగా, సన్నముగా ఉన్న యువకులలో ఒక్కొక్కప్పుడు ఊపిరితిత్తి పైపొర చిట్లి గాలి బయటికి పోవుట వలన ఛాతీలో ఒక ప్రక్క పొడిచినట్లు నొప్పి, ఆయాసము ఒక్కసారిగా వస్తవి. పొగ త్రాగేవారికి ఈ అపాయము మరింత ఎక్కువ.

108 వచ్చేలోగా రోగిని వెల్లకిల పడుకోబెట్టరాదు. కుర్చీలో కూర్చుండబెట్టి, కొంచెము ముందుకు వంగి మోచేతులు మోకాళ్ళ మీద ఆనించునట్లు చేయవలెను. మెడ దగ్గరి గుండీలు విప్పవలెను. చుట్టూ గుమిగూడరాదు. ధూపము, ఊదు, అగరువత్తి వెలిగించరాదు. బలవంతముగా నీరు త్రాగించరాదు. రోగి తానే మోటారు సైకిలు నడుపుకొని ఆస్పత్రికి బయలుదేరుట ఎంతమాత్రము తగదు.

2020, 2021 సంవత్సరముల కోవిడ్ కాలము నుండి పల్స్ ఆక్సీమీటరు అనేక ఇండ్లలో కనిపిస్తున్నది. వేలికి తొడిగే ఈ చిన్న యంత్రమునకు ఆధారమైన సూత్రమును జపాను దేశపు ఇంజనీరు తకువో అవోయాగి 1970ల దశకము తొలినాళ్ళలో కనుగొన్నాడు. ఆరోగ్యవంతులలో అది 95 నుండి 100 వరకు చూపుతుంది. 94 కంటె తగ్గితే ఆ దినమే వైద్యునికి చూపించవలెను. 90 దరికి వస్తే క్షణము ఆలస్యము చేయరాదు. అయితే గోళ్ళరంగు గాని, వేలికొనలకు పెట్టిన నల్లని మెహందీ గాని, చల్లబడిన చేతులు గాని లెక్కను తారుమారు చేయగలవు. అంకె బాగున్నదని మనిషి అవస్థను కాదనుట మాత్రము పొరపాటు. ఉబ్బసము తీవ్రముగా ఉన్నప్పుడు కూడ కొంతసేపు ఆ అంకె బాగుగానే ఉండవచ్చును.

తరచుగా దాగియుండే కారణములు

అపాయ లక్షణములు లేవు, కాని ఆయాసము మరల మరల వస్తున్నది. ఇప్పుడు తీరికగా విచారించవలెను.

యువతీయువకులలో మొదట తలచవలసినది ఉబ్బసము. పిల్లికూతలు ఉంటేనే ఉబ్బసమని చాలామంది నమ్మకము. కొందరిలో పిల్లికూతలు ఉండవు. రాత్రి పొడిదగ్గు, తెల్లవారుజామున ఛాతీ బిగుతు, పరుగెత్తిన తరువాత ఆయాసము మాత్రమే ఉంటవి. ఈ రోగము వచ్చిపోతూ ఉండే స్వభావము కలది. వైద్యుని ముందు కూర్చున్న సమయమున గొట్టములు తెరచుకొని ఉంటే స్టెతస్కోపులో ఏమియు వినబడదు, స్పైరోమీటరు పరీక్ష కూడ సరిగా రావచ్చును. 1846లో జాన్ హచిన్సన్ అనే ఆంగ్లేయ వైద్యుడు రూపొందించిన స్పైరోమీటరు నేటికిని ఊపిరి బలమును కొలిచే ముఖ్య సాధనము. అయినను ఒక్కసారి పరీక్ష బాగున్నదంటే ఉబ్బసము లేదని తేలినట్లు కాదు. పీక్ ఫ్లో మీటరు అనే చిన్న గొట్టములో రెండు వారములపాటు ఉదయము, సాయంత్రము ఊది అంకెలను వ్రాసుకుంటే, వాని హెచ్చుతగ్గులే రోగమును పట్టిస్తవి.

రెండవది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున 15 నుండి 49 సంవత్సరముల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. మెట్లు ఎక్కితే రొప్పు, గుండెదడ, మొగము పాలిపోవుట, చదువు మీద మనసు నిలవకపోవుట దీని గుర్తులు. స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 గ్రాములు, పురుషులలో 13 గ్రాములు కంటె తగ్గితే రక్తహీనత. స్వల్పమైన ఖర్చుతో తేలిపోయే ఈ కారణమును వదలి, "అమ్మాయి సుకుమారి" అని సంవత్సరముల తరబడి సరిపెట్టుకొనే కుటుంబములు ఎన్నో ఉన్నవి.

మూడవది గుండె కవాటముల రోగము. చిన్ననాట గొంతునొప్పి, ఆపైన కీళ్ళవాపులు, జ్వరము వచ్చి తగ్గిన పిల్లలలో కొందరికి గుండె కవాటములు మెల్లగా బిరుసెక్కుతవి. దాని ఫలితము పదునెనిమిది, ఇరువది ఏండ్ల వయస్సులో ఆయాసముగా బయటపడుతుంది. బాలికలలో వివాహానంతరము గర్భము ధరించినప్పుడు మొదటిసారి తెలియుట కూడ కద్దు. ఇ.సి.జి. ఒక్కటే దీనిని పట్టలేకపోవచ్చును; గుండె శబ్దములో తేడా ఉన్నదని వైద్యుడు చెబితే ఎకో పరీక్ష చేయించవలెను.

నాల్గవ కారణము చరిత్ర మన తెలుగునాటితో ముడిపడి ఉన్నది. రాత్రివేళ విడువని దగ్గు, ఆయాసము, బరువు తగ్గుట, ఎక్స్‌రేలో మచ్చలు ఉన్న రోగులు క్షయరోగులుగా భావింపబడి శానిటోరియములకు చేరుతుండేవారు. మదనపల్లె సమీపములోని ఆరోగ్యవరము క్షయ ఆస్పత్రిలో పనిచేసిన డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మొల్లర్, తన సహచరుడు బార్టన్‌తో కలిసి 1940లో ఒక వ్యాసము ప్రకటించినాడు. ఈ రోగులలో కొందరికి ఉన్నది క్షయ కాదని, వారి రక్తములో ఇసినోఫిల్ కణములు విపరీతముగా పెరిగి ఉన్నవని అందులో చూపించినాడు. 1943లో వీన్‌గార్టెన్ దీనికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరు పెట్టినాడు. దోమల ద్వారా శరీరమున చేరిన బోదకాలు క్రిముల పట్ల ఊపిరితిత్తులు చూపే ప్రతిక్రియ ఇది అని తరువాత తేలినది. దీనిని కుదిర్చే డైఇథైల్ కార్బమజీన్ అనే మందు, భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనాధిపతిగా ఉన్న అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1947 నాటికి వెలువడినది. వైద్యుని పర్యవేక్షణలో సాధారణముగా మూడు వారములు వాడే ఈ మందుతో పెక్కుమంది స్వస్థులవుతారు. నెలల తరబడి అంతుచిక్కని దగ్గు, ఆయాసము ఒక సాధారణ రక్తపరీక్షతో బయటపడుట విజ్ఞానశాస్త్ర విద్యార్థులు గుర్తుంచుకొనదగిన పాఠము.

మనము చేసే పనియు, నివసించే చోటును కొన్నిసార్లు కారణములే. హైదరాబాదు పాతబస్తీలో మక్కా మసీదు ముంగిట పావురములకు గింజలు వేయుట చూడముచ్చటైన దృశ్యము. మేడల మీద పావురములను పెంచే ముచ్చట కూడ మనలో ఉన్నదే. అయితే వాని రెట్టల, ఈకల ధూళి నిత్యము పీల్చే కొందరిలో ఊపిరితిత్తులు వాచి, కాలక్రమమున బిరుసెక్కుతవి. గూడు శుభ్రపరచిన నాలుగు మొదలు ఎనిమిది గంటల తరువాత చలి, దగ్గు, ఆయాసము కలుగుట దీని ఆనవాలు. ప్రత్తి ధూళి మధ్య పనిచేసే నూలుమిల్లు కార్మికులకు సెలవు గడచి పనిలోనికి వచ్చిన మొదటి దినమున ఛాతీ బిగియుట ఇట్టిదే. వంటపొగ, దోమల చుట్ట పొగ, ఇంట్లో ఎవరో కాల్చే బీడీ పొగ కూడ లెక్కలోనికి తీసుకొనవలెను. రెండు వారములు దాటిన దగ్గుతో సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట ఉంటే ప్రభుత్వ ఆస్పత్రిలో కఫపరీక్ష ఉచితము.

మనస్సు వలన కలిగే ఆయాసము

అన్ని పరీక్షలూ బాగున్నవి. వైద్యుడు "ఏమీ లేదు" అన్నాడు. కాని బాధ ఉన్నది. ఇక్కడనే చాలమంది విద్యార్థులు దారి తప్పుతారు.

అమెరికా అంతర్యుద్ధములో పాల్గొన్న సైనికులలో ఛాతీనొప్పి, గుండెదడ, ఆయాసము ఉండి, గుండెలో ఏ లోపమును కనబడని సుమారు 300 మందిని పరిశీలించి, జేకబ్ డా కోస్టా అనే వైద్యుడు 1871లో ఒక వ్యాసము ప్రకటించినాడు. వారు పిరికివారు కారు, యుద్ధరంగమున నిలిచినవారు. వారి బాధ నటన కాదని ఆయన గుర్తించినాడు. అట్టి బాధలో ఒక రూపమునకు 1980లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ పానిక్ డిజార్డర్ అని పేరు ఇచ్చినది.

దీని పద్ధతి ఇట్లుంటుంది. భయము కలిగినప్పుడు శ్వాస వేగము పెరుగుతుంది. అవసరమునకు మించి ఊపిరి విడిచినందువలన రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. దానితో మెదడు రక్తనాళములు కొంత ముడుచుకొని తల తిరుగుతుంది. పెదవుల చుట్టు, వ్రేళ్ళ కొసలలో తిమ్మిరి పుడుతుంది. ఛాతీ కండరములు బిగుసుకుంటవి. ఈ గుర్తులను చూచి మనిషి మరింత భయపడి మరింత వేగముగా శ్వాసిస్తాడు. గాలి ఎక్కువైనందువలన కలిగిన బాధను గాలి చాలని బాధగా భావించుటలోనే ఈ సుడిగుండమున్నది. సాధారణముగా పది నిమిషములలో ఇది శిఖరమును అందుకొని, అరగంట నుండి గంటలోపల తగ్గిపోతుంది.

ఇది ముందుగా వైద్యుడు చూచి నిర్ధారించిన బాధయే అయితే, చేయవలసినది ఊపిరి విడుచుటను నెమ్మదిపరచుట. ఒక చేయి పొట్ట మీద ఉంచి, ముక్కుతో నాలుగు లెక్కించే వరకు పీల్చి, ఆరు లెక్కించే వరకు మెల్లగా విడువవలెను. ఐదు నిమిషములు ఇట్లు చేసిన చాలును. పూర్వము కాగితపు సంచిలో ఊపిరి పీల్చుమనేవారు. ఆ పద్ధతిని నేడు వైద్యులు సమ్మతించరు, ఏలనన నిజమైన ఉబ్బసమో గుండెజబ్బో ఉన్నవారికి అది అపాయకరము. బాధ మరల మరల వస్తుంటే మనోవైద్యుని సలహా పొందవలెను. మనస్సు, ప్రవర్తనలకు సంబంధించిన శిక్షణతోను, అవసరమైతే మందులతోను ఇది బాగుగా కుదురుతుంది. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరున రాత్రింబవళ్ళు ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాటలాడవచ్చును.

మనస్సు వలన కలిగిన ఆయాసము "లేని ఆయాసము" కాదు. దానిని ఎగతాళి చేసేవారు రోగి భయమునకు సిగ్గును కూడ జోడిస్తున్నారు. ఉబ్బసమున్న వ్యక్తికి భయము కూడ ఉండవచ్చును; భయమున్న వ్యక్తికి రక్తహీనత కూడ ఉండవచ్చును. ఒక కారణము దొరికినదని రెండవదానిని విడువరాదు.

వైద్యుని వద్దకు వెళ్ళుట

వైద్యునికి మన కోసము ఉండే సమయము కొద్ది నిమిషములే. ఆ కొద్ది నిమిషములు ఫలించవలెనంటే రెండు వారముల దినచర్య వ్రాసుకొని వెళ్ళవలెను. నోటు పుస్తకములో ఆరు గడులు చాలును: తేది, సమయము, ఆ సమయమున ఏమి చేస్తున్నాము, ఎక్కడ ఉన్నాము, ఎంతసేపు ఉన్నది, దేనితో తగ్గినది. పడుకుంటే ఎక్కువ, కూర్చుంటే తక్కువ అయితే గుండె సంగతి చూడవలెను. తెల్లవారుజామున వస్తే ఉబ్బసము, భోజనానంతరము పడుకోగానే మంటతో వస్తే జీర్ణాశయపు ఆమ్లము, సెలవులకు ఊరు వెళితే తగ్గితే ఇంటి గాలి, ఆటలో రాక పరీక్షకు ముందే వస్తే మనస్సు – ఇట్లు దినచర్య తానే దారి చూపుతుంది. చిన్ననాటి రోగములు, ఇంటిలో ఉబ్బసము, క్షయ ఉన్నవారు, వాడుతున్న మందులు, పొగత్రాగుట – వీనిని దాచక చెప్పవలెను.

మొదటి విడత పరీక్షలు పెద్ద ఖర్చు కలిగించేవి కావు: ఆక్సీమీటరు, ఇసినోఫిల్ కణముల లెక్కతో కూడిన రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, ఇ.సి.జి., అవసరమైతే థైరాయిడ్ పరీక్ష, స్పైరోమెట్రీ. ఇవి దాటిన తరువాతనే స్కానింగుల మాట. అన్నియు బాగుగా వచ్చినచో వైద్యుని రెండు ప్రశ్నలు వినయముగా అడుగవలెను: "డాక్టరుగారూ, ఇంకను మిగిలిన కారణములేవి?" "ఏ గుర్తు కనిపిస్తే తిరిగి రావలెను?" ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వ్రాసుకొని వచ్చినవాడు ఊరంతా తిరుగవలసిన పని ఉండదు.

ఇన్హేలరు విషయమున సిగ్గు

మేము ఎక్కువగా చింతించే విషయము ఒకటి ఉన్నది. ఉబ్బసము నిర్ధారణ అయిన విద్యార్థులు కూడ ఇన్హేలరును దాచుకుంటున్నారు. సంబంధములు తప్పిపోతవని బాలికల తల్లులు బీరువాలో దాచిపెడతారు. స్నేహితులు నవ్వుతారని బాలురు ఇంటివద్ద వదలివస్తారు. "అలవాటు పడితే విడువదు" అని చుట్టములు భయపెడతారు. ఇన్హేలరు మత్తుమందు కాదు. మాత్ర కడుపు ద్వారా శరీరమంతయు తిరిగి చేరే చోటికి ఇది నేరుగా, చాల తక్కువ మోతాదులో చేరుతుంది. ఉపశమనమునకు సాల్బుటమాల్ ఒక్కదానినే వాడుతూ కాలము గడుపుట మంచిది కాదని, వాపును తగ్గించే పీల్చుమందు తప్పక ఉండవలెనని 2019 నుండి ప్రపంచ ఉబ్బస మార్గదర్శకములు చెబుతున్నవి. దానిని వాడిన తరువాత నోరు పుక్కిలించవలెను.

రంజాన్ మాసమున మరొక సందేహము కలుగుతుంది. ఇన్హేలరు వలన రోజా భగ్నమవుతుందా అన్న విషయమున ధర్మవేత్తలలో భిన్నాభిప్రాయములు కలవు. ఆ చర్చలో ప్రవేశించుటకు మేము అర్హులము కాము. అయితే రోగికి ఖురాన్‌లోనే వెసులుబాటు ఉన్నదని, తప్పిన రోజాలను తరువాత పూర్తి చేసుకొనవచ్చునని అందరికి తెలిసినదే. కనుక రంజాన్‌కు ముందే వైద్యుని కలిసి మందును సహరీ, ఇఫ్తార్ వేళలకు సరిపరచుకొనవలెను. ఊపిరి ఆగిపోతున్న సమయమున మాత్రము సందేహమునకు తావు లేదు; ప్రాణమును కాపాడుకొనుటయే ముందు.

ప్రతి జూన్‌లో మృగశిర కార్తె నాడు చేప ప్రసాదము కొరకు హైదరాబాదునకు వేలాది ఉబ్బస రోగులు వస్తారు. ఎవరి విశ్వాసమును నొప్పించుట మా ఉద్దేశము కాదు. అది రోగమును కుదుర్చునని శాస్త్రీయ పరీక్షలలో నిరూపింపబడలేదు. తీసుకొనదలచినవారు కూడ వైద్యుడు ఇచ్చిన పీల్చుమందును ఒక్క దినమైనను మానరాదు.

కళాశాల పాలకవర్గమునకు మనవి

ఈ విషయమున కళాశాల చేయగల పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కార్యాలయమున ఒక ఆక్సీమీటరు, ఒక సాల్బుటమాల్ ఇన్హేలరు, ఒక స్పేసరు వైద్యుని సలహాతో ఉంచవలెను. స్పేసరు లేనిచో 500 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా అడుగున రంధ్రము చేసి, ఇన్హేలరు మూతి బిగువుగా అమర్చి వాడవచ్చునని, అది పిల్లలలో కొనుగోలు స్పేసరుతో సమానముగా పనిచేసినదని 1999లో దక్షిణాఫ్రికా వైద్యులు చూపించినారు. ఉబ్బసమని తెలిసిన విద్యార్థికి ఆయాసము వస్తే ఒక్కొక్కసారి ఒక్కొక్క మోతాదు చొప్పున నాలుగు మోతాదులు, ప్రతి మోతాదునకు నాలుగు శ్వాసలు ఇచ్చి, నాలుగు నిమిషములు ఆగి, తగ్గనిచో మరల ఇచ్చి 108ని పిలువవలెను. ఈ "నాలుగు" లెక్కను ప్రతి అధ్యాపకుడు నేర్చుకొనుటకు ఒక గంట చాలును.

ఆవరణలో ఎండుటాకులు తగులబెట్టుట మాన్పించవలెను. ఆయాసమున్న విద్యార్థుల తరగతులను, పరీక్ష గదులను క్రింది అంతస్తున ఏర్పాటు చేయవలెను. ఇన్హేలరును పరీక్ష హాలులోనికి అనుమతించవలెను. ప్రవేశ సమయమున బాలబాలికలందరికి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుటకు సమీప ప్రభుత్వ ఆస్పత్రి సహకారము కోరవచ్చును.

విద్యార్థులారా! తరగతిలో మీ ప్రక్కన కూర్చున్న మిత్రుడు ఛాతీ పట్టుకొని తల వంచుకుంటే నవ్వవద్దు, గుమిగూడవద్దు, "గ్యాసేలే" అని తీర్పు చెప్పవద్దు. "కూర్చో, ముందుకు వంగు, మెల్లగా వదులు" అని నెమ్మదిగా చెప్పండి. అపాయ లక్షణములు ఉన్నవేమో చూడండి. ఉంటే 108కి ఫోను చేయండి. లేకుంటే అతనిచేత దినచర్య వ్రాయించి, ఆ వారములోనే వైద్యుని వద్దకు తోడు వెళ్ళండి. ఆయాసపడే మనిషికి ఒంటరిగా ఆస్పత్రికి పోవుట కష్టము. పోకుండుట అంతకన్న సులభముగా తోస్తుంది. తోడు వెళ్ళిన ఒక్క మిత్రుడు ఆ తేడాను మార్చగలడు.